నీళ్ళు కలిసేదాకా తలుపు రాదు

ప్రశ్న: కెప్టెన్ గారూ, నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఒక కథ రాసి మీకు పంపాను. శని గ్రహం దగ్గర పాడుబడిన ఇంధన కేంద్రానికి రెండు అంతరిక్ష నౌకలు ఒకేసారి చేరతాయి. రెండూ ప్రత్యర్థి పక్షాలవి, రెండింటిలోనూ ఇంధనం అడుగంటింది. ఒకరి మీద ఒకరు ఆయుధాలు గురిపెట్టి నిలబడిపోతారు. ఒక నౌకకు కోనసీమలో పుట్టిన మహిళ కెప్టెన్. చివర్లో ఆమె చేసే ప్రసంగం విని అందరూ చల్లబడతారు. చదివిన స్నేహితులు మాత్రం ఇది నమ్మేలా లేదంటున్నారు. నిజంగా అలాంటి వేళ నాయకులు ఏం చేస్తారు?

జవాబు:

అమ్మా, నీ కథ రెండుసార్లు చదివాను. నీ స్నేహితులు చెప్పింది నిజమే. ప్రసంగంతో ఏ గొడవా చల్లారదు. నేను ముప్ఫై నాలుగేళ్ళు సరకు ఓడల మీద పనిచేశాను, అందులో చివరి పన్నెండేళ్ళు కెప్టెన్‌గా. ఇప్పుడు నరసాపురం దగ్గర మా ఊళ్ళో ఉంటున్నాను. చుట్టుపక్కల ఊళ్ళ మధ్య వలల తగాదా వచ్చినా, పడవల తగాదా వచ్చినా నన్ను పిలుస్తుంటారు. ఇన్నేళ్ళలో నేను చూసింది ఒక్కటే. కోపంలో ఉన్న మనిషి ముందు ఎదుటివాడి చేతులు చూస్తాడు, తర్వాత దూరం చూస్తాడు. మాట అతని చెవికి చేరేది అన్నిటికంటే చివర. నీ కెప్టెన్ మాటతో మొదలుపెట్టింది. అందుకే ఆ ఘట్టం అతకలేదు.

ఆమె ఏం చేయాలో చెప్పడానికి నేను ముందు మా నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న పశ్చిమ డెల్టాలో ఓ కాలువ లాకు దగ్గర లస్కరుగా, అంటే తలుపులూ తూములూ చూసుకునే మనిషిగా పనిచేశాడు. మీ తరానికి లాకులంటే బస్సు ఆగే చోటు పేరు. అప్పట్లో అది పడవల దారి. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు కాలువలను పొలాలకు నీళ్ళివ్వడానికే కాక పడవలు తిరగడానికి కూడా వీలుగా తవ్వించాడు. ఏలూరు కాలువ గోదావరి నీళ్ళను కృష్ణ కాలువలతో కలిపింది. కాకినాడలో బయలుదేరిన పడవ సముద్రం మొహం చూడకుండా మద్రాసు చేరేది. అయితే కాలువ ఒకే మట్టంలో ఉండదు కదా. మట్టం దిగే చోట లాకు కడతారు. రెండు జతల తలుపుల మధ్య రాతి గది. పడవ గదిలోకి వస్తుంది, వెనక తలుపు మూస్తారు, పై నుంచి నీళ్ళు వదిలి గది నింపుతారు. గదిలో మట్టం, పై కాలువ మట్టం ఒకటైన తర్వాత ముందు తలుపు తీస్తారు. దిగే పడవకు ఇదే పని తిరగేసి చేస్తారు.

నాకు పదేళ్ళప్పటి సంగతి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాయి. మర్నాడో ఎల్లుండో మరమ్మతుల కోసం కాలువ కట్టేస్తారు. కట్టేసే లోపు గమ్యం చేరని పడవ బురదలో వారాల తరబడి కూర్చోవాలి, సరంగుకు ఆ నెల కూలి లేనట్టే. కింది వైపు ధాన్యం పడవలు వరసగా నిలిచాయి. పై వైపు కలప పడవలు. రెండు వైపులా మేము ముందంటే మేము ముందన్నారు. చీకటి పడుతోంది. కింది పడవ వాళ్ళు గడకర్రలు నీళ్ళలోంచి పైకి తీశారు. గడ నీళ్ళలో ఉంటే అది పడవ నడిపే కర్ర, పైకి లేస్తే ఇంకో వస్తువు. గట్టు మీద నిలబడిన నాకు ఆ కర్రల చివర్ల నుంచి కారుతున్న బురదనీరు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. పై పడవల్లో ఒకడు గొడ్డలి చేతికి తీసుకున్నాడు.

నాన్న అరవలేదు. లాకు తలుపు మీది నడవ మధ్యకు వెళ్ళి కూర్చున్నాడు. రెండు గుంపులకూ కనబడే చోటు అది. లాంతరు తన పక్కనే పెట్టుకున్నాడు. తర్వాత ఇద్దరు సరంగులను పేర్లతో పిలిచాడు, ఒంటరిగా రమ్మన్నాడు. వాళ్ళు వచ్చాక గది లోపలికి చూపించి, "నీళ్ళు ఇప్పుడు కింది మట్టంలో ఉన్నాయి. కింది పడవ ఎక్కకపోతే ఈ గది నిండదు. నిండకపోతే పై పడవ దిగదు. ఎవరు ముందో నేను చెప్పడం లేదు, నీళ్ళు చెబుతున్నాయి" అన్నాడు.

పై సరంగుకు కోపం తగ్గలేదు. తలుపు తెరవమని దాని దూలాన్ని భుజంతో నెట్టాడు. అది కదలలేదు. అటూ ఇటూ మట్టంలో అడుగు తేడా ఉన్నా ఆ తలుపు మీద టన్నుకు పైగా బరువు పడుతుంది. నాన్న అతన్ని ఆపలేదు. అలసిపోనిచ్చి, "నీళ్ళు కలిసేదాకా తలుపు రాదు. మీరిద్దరూ కలిసి నెట్టినా రాదు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని గురించి నేను ఓడ మీద ఎన్నో రాత్రులు ఆలోచించాను. ధాన్యం పడవ గదిలోకి వచ్చాక, నీళ్ళు వదిలే తూము తిప్పే ఇనుప చెయ్యిని పై సరంగు చేతికిచ్చాడు. కింది సరంగును గోడ మీది అడుగుల పలక దగ్గర నిలబెట్టి, మట్టం ఎంత పెరిగిందో గట్టిగా చదవమన్నాడు. ఒకడు తన ప్రత్యర్థి పడవను తన చేతులతోనే పైకి లేపుతున్నాడు. ఇంకొకడు ఆ పని నిజంగా జరుగుతోందని అందరికీ వినబడేలా చెబుతున్నాడు. "రెండు... రెండుంపావు... రెండున్నర..." గది నిండడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ పది నిమిషాల్లో గడకర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఎవరూ దించమనలేదు. తలుపు తెరిచే వేళకు గొడ్డలి ఎక్కడుందో నేను చూడలేదు.

నీ కథకు కావలసింది ఆ పది నిమిషాలు. అవి ప్రసంగంలో దొరకవు. చేయడానికి ఇద్దరికీ చెరో పని ఉండాలి, ఒకరి పని జరగకపోతే రెండోవారికి దారి ఉండకూడదు, జరుగుతున్నది ఇద్దరికీ కనబడాలి. అప్పుడే కోపం దానంతటది మట్టానికి వస్తుంది.

ఇది పల్లెటూరి ముచ్చట, అంతరిక్షానికి ఎలా పనికొస్తుందని నీకు అనిపించవచ్చు. 1975 జూలై 17న అమెరికా అపోలో, సోవియట్ సోయుజ్ భూమి చుట్టూ తిరుగుతూ ఒకదానికొకటి అతుక్కున్నాయి. అణ్వాయుధాలు ఎదురెదురుగా పెట్టుకున్న రెండు దేశాల నౌకలవి. అపోలో గదిలో స్వచ్ఛమైన ఆక్సిజన్, అదీ నేల మీది వాతావరణ పీడనంలో మూడో వంతు. సోయుజ్‌లో మనం పీల్చే లాంటి గాలి, మామూలు పీడనం. తలుపు నేరుగా తీసి అటూ ఇటూ తిరిగితే మనుషులకు ప్రమాదం. అందుకని రెండింటి మధ్య ఒక ప్రత్యేకమైన గదిని అతికించారు. సోయుజ్ తన పీడనాన్ని ముందే మూడింట రెండు వంతులకు తగ్గించుకుంది. మనుషులు ఆ నడిమి గదిలోకి వచ్చి, తలుపు మూసుకుని, గాలి మట్టం సమానమయ్యాక అవతలి తలుపు తీశారు. అచ్చంగా మన లాకు! నౌకలు తాకిన తర్వాత అపోలో కమాండర్ స్టాఫర్డ్, సోయుజ్ కమాండర్ లియొనోవ్ చేయి కలపడానికి దాదాపు మూడు గంటలు పట్టింది. ఈ విషయం మొదటిసారి చదివిన రోజు నాన్నకు చెప్పాను. ఆయనకు ఎంత సంతోషమైందో మాటల్లో పెట్టలేను.

ఆ ప్రయాణంలో ఇంకో విశేషం ఉంది, నీ కథకు బాగా పనికొస్తుంది. అంతకుముందు నౌకలు అతుక్కునే పరికరంలో ఒకటి పొడిచేది, ఇంకొకటి పొడిపించుకునేది. రెండోదిగా ఉండడానికి ఏ దేశమూ ఒప్పుకోదు. అందుకని ఇంజనీర్లు రెండు వైపులా ఒకే తీరుగా ఉండే వలయాన్ని తయారుచేశారు, దాంట్లో ఎవరైనా చొరవ తీసుకోవచ్చు, ఎవరైనా స్థిరంగా ఉండవచ్చు. మొదటిసారి అపోలో చొరవ తీసుకుంది. విడిపోయి రెండోసారి కలిసినప్పుడు సోయుజ్ వంతు. మాటల విషయంలోనూ అంతే. అమెరికన్లు రష్యన్‌లో మాట్లాడారు, రష్యన్లు ఇంగ్లీషులో మాట్లాడారు. ఎదుటివాడి భాషలో మాట్లాడేవాడు తప్పనిసరిగా నిదానంగా మాట్లాడతాడు, చిన్న వాక్యాలు వాడతాడు. నీ కెప్టెన్‌కు అవతలి వాళ్ళ భాష నాలుగు ముక్కలు వచ్చునని రాయి. తప్పులతోనే మాట్లాడనీ.

ఇప్పుడు నీ కథలో మొదటి ఘట్టానికి వస్తాను. అక్కడ నువ్వు ఒక పొరపాటు చేశావు, దాన్ని సరిదిద్దితే అదే కథకు బలమవుతుంది. నీ కెప్టెన్ "మేము ఆగుతున్నాం" అని చెప్పి ఇంజన్లు ఆపేయిస్తుంది. నీళ్ళ మీద ఇంజను ఆపితే ఓడ కాసేపటికి నెమ్మదిస్తుంది. అంతరిక్షంలో ఆపితే అదే వేగంతో పోతూనే ఉంటుంది. నువ్వు ఇంజనీరింగ్ విద్యార్థినివి, నీకు నేను చెప్పనక్కరలేదు. ఆగాలంటే తోక ముందుకు తిప్పి, వెళ్తున్న దిశలోకి మంట కొట్టాలి. ఎదురుగా ఉన్నది ప్రత్యర్థి నౌక! అంటే శాంతి కోసం ఆగే నౌక, మంటతో దాడి చేయబోయే నౌక, దూరం నుంచి చూసేవాడికి ఒకేలా కనబడతాయి. ఇంతకన్నా మంచి చిక్కుముడి కథకుడికి దొరుకుతుందా? ఆమె ఆ మంట కొట్టే ముందు ఏం చేస్తుందో రాయి. ఎప్పుడు, ఎన్ని సెకన్లు, ఏ దిశలో కొట్టబోతోందో ముందే చెప్పాలి. మంట వాళ్ళ మీదకు పోకుండా తన దారిని కొద్దిగా పక్కకు జరుపుకోవాలి. చెప్పిన సెకనుకే మొదలుపెట్టాలి, చెప్పిన సెకనుకే ఆపాలి. చెప్పింది చెప్పినట్టు జరగడం చూసిన ఎదుటి కెప్టెన్‌కు ఆమె తర్వాతి మాట మీద కొంచెం నమ్మకం కుదురుతుంది. నమ్మకాన్ని అలా గరిటెడు గరిటెడుగా పోయాలి.

ఇందుకు ఇప్పుడున్న పద్ధతి కూడా చూడు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం చుట్టూ 200 మీటర్ల వ్యాసార్ధంతో ఒక ఊహాగోళం గీసుకున్నారు. సరకులు తెచ్చే సొంత నౌక అయినా సరే, అనుమతి లేనిదే ఆ గీత దాటకూడదు. దారిలో ముందే అనుకున్న చోట్ల ఆగి, అడిగి, సరే అన్నాక కదలాలి. మిత్రుల మధ్యే ఇంత పద్ధతి ఉంటే ప్రత్యర్థుల మధ్య ఎంత ఉండాలి? నీ ఇంధన కేంద్రం చుట్టూ అలాంటి గీత ఒకటి పెట్టు. ఇద్దరూ గీత బయటే ఆగాలి. గీత లోపల ఎవరి పరువూ లేదు.

అదే ఘట్టంలో ఆమె "ఎందుకైనా మంచిది" అని గురిచూసే రాడార్‌ను అవతలి నౌక మీద నిలపమంటుంది. ఈ వాక్యం చదవగానే నాకు అంతర్వేది దగ్గర ఒక రాత్రి గుర్తొచ్చింది. కొన్నేళ్ళ క్రితం, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, రెండు ఊళ్ళ మరబోట్ల వలలు చిక్కుపడ్డాయి. ఎవరూ వల కోసుకోవడానికి ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగింది. ఒడ్డు నుంచి నాకు ఫోను వచ్చింది. ఓ చిన్న పడవలో మా ఊరి ముసలి జాలరితో కలిసి వెళ్ళాను. దగ్గరికి వెళ్ళగానే ఎవరెవరున్నారో చూద్దామని నా దగ్గరున్న పెద్ద టార్చి లైటును మొదటి బోటు సరంగు ముఖం మీద వేశాను. అది నా తప్పు. కళ్ళు చెదిరిన మనిషికి వెలుగు వెనక ఎవరున్నారో తెలియదు. పోలీసులో, అవతలి ఊరివాళ్ళో అనుకున్నాడు. వల అడుగున కట్టే సీసపు గుళ్ళ తాడు మా పడవ అంచుకు వచ్చి తగిలింది.

ముసలాయన నా చేతిలోంచి లైటు తీసుకుని మా వైపు తిప్పాడు. ముందు తన ముఖం మీద, తర్వాత నా ముఖం మీద, తర్వాత మా ఖాళీ పడవలోకి వేశాడు. "చూడండి బాబూ, మేమిద్దరమే, కర్ర కూడా లేదు" అన్నాడు. అవతల అరుపులు ఆగాయి. ఎవరో "తాతా, నువ్వా" అన్నారు. ఆయన వల సంగతి ఎత్తలేదు. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు, తాగడానికి నీళ్ళున్నాయా అని అడిగాడు. ఒక బోటులో నీళ్ళు అయిపోయాయి. మా క్యాను అందించాం. ఆ తర్వాత ఆయన నీటి వైపు చూపించాడు. ఆటు మొదలైంది. చిక్కుపడిన రెండు బోట్లూ కలిసే ఇసుక మేట వైపు జరుగుతున్నాయి. అప్పటిదాకా రెండు బోట్లలో ఇరవై మంది ఉన్నా ఒక్కరూ ఆ సంగతి గమనించలేదు. ముందు రెండు లంగర్లు పడ్డాయి. వల లెక్క తెల్లవారాక ఒడ్డున తేలింది, ఖర్చు చెరిసగం వేసుకున్నారు.

అంతరిక్షంలో గురి రాడార్ ముఖం మీద టార్చి లాంటిదే. పెద్ద దేశాలు ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకున్నాయి. 1960 దశకంలో అమెరికా, సోవియట్ యుద్ధ ఓడలు సముద్రం మీద ఒకదాన్నొకటి బెదిరించుకుంటూ తిరిగేవి. 1967 మేలో జపాన్ సముద్రంలో ఒక అమెరికన్ ఓడను సోవియట్ ఓడలు రెండు రోజుల్లో రెండుసార్లు రాసుకున్నాయి. అలాంటిది ఇంకొక్కటి జరిగితే ఏమవుతుందోనన్న భయంతో 1972 మే 25న మాస్కోలో ఒప్పందం చేసుకున్నారు. తుపాకులు, క్షిపణులు ఎదుటి ఓడకు గురిపెట్టి దాడి చేస్తున్నట్టు నటించకూడదు. ఎదుటి ఓడ నడిపే గది మీదికి సెర్చి లైటు వేయకూడదు. చేయబోయేది సంకేతాలతో ముందే చెప్పాలి. ఏటా రెండు నౌకాదళాల వాళ్ళూ కూర్చుని ఆ ఏడాది జరిగినవన్నీ మాట్లాడుకోవాలి. ఆ కాగితంలో స్నేహం గురించిన మాటలు తక్కువ, లైట్ల గురించి, దూరం గురించి ఎక్కువ. అందుకే అది పనిచేసింది.

ఓడలు నడిపేవాళ్ళందరికీ వర్తించే ఇంకో నిబంధనావళి ఉంది, అదీ 1972దే. ఢీకొనకుండా ఎలా తప్పుకోవాలో చెబుతుంది. పరీక్ష కోసం దాన్ని కంఠస్థం చేశాను, కొన్నేళ్ళు సముద్రం మీద తిరిగాకే అందులో మనుషుల మధ్య బతికే తెలివి ఎంతుందో అర్థమైంది. రెండు ఇంజను ఓడలు ఎదురెదురుగా వస్తుంటే ఎవరు తప్పుకోవాలి? ఇద్దరూ! ఇద్దరూ కుడివైపుకు తిరగాలి. ఎవరూ ఓడిపోరు, ఎవరూ గెలవరు. తప్పుకునేటప్పుడు ఎదుటివాడికి స్పష్టంగా కనబడేంత పెద్దగా తిరగాలి, చిన్న చిన్న మార్పులు వరసగా చేయకూడదు. ఎందుకంటే రెండు డిగ్రీలు తిరిగిన ఓడ ఎదుటివాడి కంటికి తిరగనట్టే. శాంతికి చేసే సైగ కూడా అలాగే ఉండాలి. నీ కెప్టెన్ పన్నెండు క్షిపణుల్లో ఒకదాన్ని లోపలికి తీయిస్తుంది. అది ఎవరికి కనబడుతుంది? వేడి వెదజల్లే పలకలన్నీ పూర్తిగా విప్పించు. పోట్లాటకు దిగే నౌక ఆ పలకలను ముడుచుకుంటుంది, అవి పగిలితే నౌక ఉడికిపోతుంది కనుక. అన్నీ విప్పుకుని నిలబడిందంటే పోట్లాడే ఉద్దేశం లేదని చిన్న పిల్లవాడికైనా తెలుస్తుంది. ఇదీ ముసలాయన టార్చిని తన మీదికి తిప్పుకోవడం లాంటిదే.

ఎవరు ముందు ఇంధనం నింపుకోవాలన్నదానికీ ఆ నిబంధనావళిలోనే సమాధానం ఉంది. ఇంజను ఓడ, అదుపు తప్పిన ఓడకు దారి ఇవ్వాలి, వల వేసి ఉన్న పడవకు దారి ఇవ్వాలి, తెరచాప పడవకు దారి ఇవ్వాలి. జెండా ఏ దేశానిదని అడగదు, కదలడం ఎవరికి కష్టమని మాత్రమే అడుగుతుంది. నీ రెండు నౌకల్లో ఎవరి గాలి ముందు అయిపోతుందో వాళ్ళు ముందు. అది ప్రత్యర్థి నౌక అయితే నీ కథ ఇంకా బాగుంటుంది. ఒక నౌకలో విద్యుత్తు ఉంది, ఇంకో నౌకలో ఆ పాత కేంద్రానికి సరిపోయే గొట్టం ఉంది అని రాశావు కదా, దాన్ని వదిలేశావేం? అదే నీ తూము చెయ్యి, అదే నీ అడుగుల పలక! ఒకరు పంపు నడపాలి, ఇంకొకరు ఎంత నిండిందో చదవాలి.

ఇక నాయకత్వంలో అసలు కష్టం ఎదుటి నౌకతో కాదు, సొంత నౌకతో. ఇక్కడ నేను ఇంకొక ఓడ గురించి చెప్పాలి. 1962 అక్టోబర్ 27. క్యూబా దగ్గర సముద్రం అడుగున బి-59 అనే సోవియట్ జలాంతర్గామి. పైన అమెరికన్ ఓడలు చుట్టుముట్టి, పైకి రమ్మని చిన్న పేలుడు గుళ్ళు నీళ్ళలో వేస్తున్నాయి. అవి హెచ్చరిక కోసమేనని కింద ఉన్నవాళ్ళకు తెలియదు. లోపల చల్లబరిచే యంత్రాలు పాడయ్యాయి, బ్యాటరీలు అయిపోవస్తున్నాయి, వేడి 45 డిగ్రీలు దాటింది, గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి మనుషులు సొమ్మసిల్లుతున్నారు. మాస్కోతో సంబంధం లేదు. ఆ జలాంతర్గామిలో అణ్వస్త్రంతో కూడిన టార్పెడో ఒకటి ఉంది. పైన యుద్ధం మొదలైపోయిందేమోనని కెప్టెన్ సవిట్స్కీ దాన్ని సిద్ధం చేయమన్నాడని అక్కడున్న ఒక అధికారి తర్వాత చెప్పాడు. అదే ఓడలో ఉన్న ఇంకో అధికారి వసీలీ అర్ఖిపోవ్ అతన్ని శాంతింపజేసి, పైకి తేలేలా ఒప్పించాడు.

అర్ఖిపోవ్ మాటకు అంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది? అంతకు ఏడాది ముందు, 1961 జూలైలో, కె-19 అనే అణు జలాంతర్గామిలో రియాక్టర్ చెడిపోయినప్పుడు ఆయన ఆ ఓడ మీదే ఉన్నాడు. తోటివాళ్ళు రేడియేషన్‌తో చనిపోయారు. బి-59లో వాళ్ళకు ఆ సంగతి తెలుసని చెబుతారు. ఆయన భయపడేవాడు కాడని తెలిసిన చోట ఆయన "వద్దు" అంటే పిరికితనం అనలేరు. నీ కెప్టెన్‌కు అలాంటి గతం ఏదో ఒకటి ఉండాలి, కథ మొదట్లోనే ఒక్క వాక్యంలో తెలియాలి. చివర్లో చెబితే అది సాకులా ఉంటుంది.

ఆ ఉక్కపోత కూడా మర్చిపోకు. నీ నౌకలో అందరూ హాయిగా ఊపిరి పీలుస్తూ వాదించుకుంటున్నారు. నిజంగా అలా ఉండదు. మనిషి కోపంలో సగం ఆకలి, నిద్రలేమి, వేడి. నేను కెప్టెన్‌గా ఉన్నప్పుడు డెక్ మీద ఏ గొడవ జరిగినా ముందు అడిగేది, వీళ్ళు ఎన్ని గంటల నుంచి మెలకువగా ఉన్నారని. నీ కెప్టెన్ మొదటి ఆజ్ఞ ఆయుధాల గురించి కాకుండా గాలి గురించి ఉండనీ. బొగ్గుపులుసు వాయువు ఎంతుందో చూడమని, సగం మందిని పంపించి పడుకోబెట్టమని, మిగిలినవాళ్ళకు తినడానికి ఏదైనా పెట్టమని చెప్పనీ.

కాల్చేద్దామనే ఆ ఉప కెప్టెన్‌ను దుర్మార్గుడిగా రాశావు. నాకు అది బాధనిపించింది. అతని అన్న పాత యుద్ధంలో పోయాడని నువ్వే రాశావు. అతని భయం న్యాయమైనది. అతన్ని అందరి ముందూ గద్దిస్తే ఆ నౌకలో రెండు పక్షాలు తయారవుతాయి. ఆమె అతన్ని పక్కకు పిలవాలి, చెప్పింది చివరిదాకా వినాలి, తర్వాత అతనికే ఒక పని ఇవ్వాలి. ఎదుటి నౌకను క్షణం క్షణం కనిపెట్టి, నిజంగా దాడికి దిగుతున్న గుర్తు ఏదైనా కనబడితే చెప్పే పని. అనుమానం ఉన్నవాడి కంటే బాగా కాపలా కాసేవాడు ఎవరుంటారు? అతను గంటసేపు చూసి "వాళ్ళు కదలడం లేదు" అని తానే చెప్పాలి. ఆ మాట అతని నోటి నుంచి రావడం ఆమె వంద మాటలకు సమానం.

పైవాళ్ళ ఆజ్ఞ సంగతి కూడా ఒకటుంది. శని నుంచి భూమికి మాట చేరడానికే గంటకు పైగా పడుతుంది, జవాబు రావడానికి ఇంకో గంట. నువ్వు దీన్ని అడ్డంకిగా రాశావు. ఇద్దరు కెప్టెన్లకూ అది వరం. "మా వాళ్ళను అడిగాం, జవాబు వచ్చేదాకా ఇద్దరం కదలకుండా ఉందాం" అనడంలో ఎవరికీ తలవంపులు లేవు. ఆ రెండు గంటలూ నీ లాకు గది.

ప్రశాంతత పుట్టుకతో రావాలా అని నీ ఉత్తరం చివర అడిగావు. లేదమ్మా. ఆ రాత్రి అంతర్వేది దగ్గర నా మోకాళ్ళు వణికాయి. లాకు తలుపు మీద కూర్చున్న నాన్నకు కూడా గుండె దడదడలాడిందని చాలా ఏళ్ళ తర్వాత ఆయనే చెప్పాడు. అందుకే కూర్చున్నానన్నాడు, నిలబడితే కాళ్ళ వణుకు అందరికీ కనబడేదట. ఆమె చేతులు వణకనీ. ఆమె వాటిని ఎక్కడ పెట్టుకుందో రాయి. బరువులేని చోట కూర్చోవడం ఉండదు కాబట్టి, పాదాలు పట్టీల్లో దూర్చి, రెండు చేతులూ కెమెరాకు కనబడేలా కడ్డీ పట్టుకుందని రాయి. గొంతు తగ్గించి మాట్లాడితే మిగతావాళ్ళు వినడానికి నోరు మూసుకోవలసి వస్తుంది. ఇది నేను వేలసార్లు చూశాను.

పన్నెండో పేజీలో "శాంతించండి" అనే మాట నాలుగుసార్లు ఉంది, కొట్టెయ్యి. శాంతించమంటే శాంతించినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఆ మాట ఉన్న చోట, అవతలి నౌకకు ఆమె వేసే మొదటి ప్రశ్న పెట్టు. మీ దగ్గర ఎంతమంది ఉన్నారు, ఎవరికైనా దెబ్బలు తగిలాయా, గాలి ఎన్ని గంటలు వస్తుంది అని అడగనీ. జవాబిచ్చేది ఎదుటి కెప్టెన్. కథంతా వెతికాను, అతనికి నువ్వు పేరే పెట్టలేదు. ముందు అతనికి ఒక పేరు పెట్టు. తర్వాత ఆ ఘట్టం మళ్ళీ రాసి పంపు, చదువుతాను.